మాట్లాడకూడని గదిలో ఊపిరి

ఆ ఉద్యోగం నాకు ఎందుకు నచ్చిందో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అడిగితే చదువుకు తగ్గ పని అన్నాను. స్నేహితురాలు అడిగితే కంపెనీ బస్సు మా వీధి చివరికే వస్తుందన్నాను. రెండూ అబద్ధాలు కావు, కానీ అసలు కారణం వేరు. ఇంటర్వ్యూ రోజున, శామీర్‌పేట దాటాక ఉన్న ఆ మందుల కంపెనీలో, మమ్మల్ని ఒక గాజు కిటికీ ముందు నిలబెట్టి లోపలి గది చూపించారు. ఇంజెక్షన్ సీసాలు నింపే గది అది. తల నుంచి పాదం దాకా తెల్లబట్టలు తొడుక్కున్న మనుషులు నీళ్లలో నడిచినట్టు నెమ్మదిగా కదులుతున్నారు. లోపల ఎవరూ మాట్లాడకూడదని, నోటి తుంపర మందులో పడుతుందని చూపిస్తున్నాయన చెప్పారు. నా పక్కనున్న అమ్మాయి ముఖం చిన్నబోయింది. నాకు మాత్రం అదృష్టం నన్ను వెతుక్కుంటూ వచ్చిందనిపించింది. నోరు తెరవకపోతే జీతమిచ్చే చోటు కూడా ఒకటుందన్నమాట.

నా సంగతి తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. షేర్ ఆటోలో నేను దిగాల్సిన చోటు దాటిపోతున్నా 'ఆపండి' అనలేక, ఇంకెవరైనా దిగేదాకా కూర్చుని, వెనక్కి నడిచి ఇంటికొచ్చిన రోజులున్నాయి. చుట్టాలొస్తే వంటింట్లోకి పోయి కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతాను. నా మాటలన్నీ పుస్తకాల అంచుల్లో, పడుకునే ముందు రాసే డైరీలో అయిపోతాయి. ఇలాంటి దానికి మా పిన్ని, తను పనిచేసే కౌకూర్ బడిలో సైన్సు టీచరు ఉద్యోగం చూసిపెట్టింది. మందుల కంపెనీ కుదరకపోతే అదే. గది నిండా పిల్లలు, వాళ్ల ముందు సుద్దముక్క పట్టుకుని నేను. ఆ ఊహకే నా అరచేతులు చెమటపట్టేవి.

కంపెనీలో నా పని గది ఎంత శుభ్రంగా ఉందో చూడటం. సూక్ష్మజీవులకు ఇష్టమైన మేత పోసిన చిన్న గుండ్రటి ప్లేట్లుంటాయి. వాటిని గదిలో అక్కడక్కడ తెరిచిపెట్టి, కొంతసేపయ్యాక మూసి, తెచ్చి వెచ్చటి పెట్టెలో ఉంచాలి. కొన్ని రోజులకు వాటి మీద చుక్క మొలిచిందంటే గదిలో ఏదో ఉన్నట్టు. ఏమీ మొలవకపోతే అందరికీ పండుగే. ఏమీ లేనిదాన్ని చూసి ఇంత సంబరపడే ఉద్యోగం ఇంకోటి ఉండదేమో.

అయితే ఆ గదిలో పనిచేయాలంటే ముందు ఒక పరీక్ష ఉంది. ఆ తెల్లబట్టలు పద్ధతి ప్రకారం వేసుకుని, లోపల కొంతసేపు పనిచేసి రావాలి. వచ్చేముందు అవే ప్లేట్లను మన వేళ్లకు, ఛాతీకి, మాస్కుకు అద్దుతారు. వాటి మీద ఏదీ మొలవకూడదు. మూడు అవకాశాలిస్తారు. మూడోసారీ కాకపోతే ఇంటికే. కొత్తవాళ్లకు వేరే విభాగంలో ఖాళీల్లేవని మా సార్ మొదటిరోజే చెప్పేశారు. ఆయనది గోదావరి వైపు ఊరు, ఇల్లు దూలపల్లి దగ్గర కొత్త కాలనీలో. కటువైన మాట కూడా 'అమ్మా' అని చేర్చి చెప్పేవారు.

నాకు పని నేర్పే బాధ్యత ఒక అక్కకు అప్పగించారు. మచ్చ బొల్లారం నుంచి వచ్చేది. ఆదివారాలు చర్చిలో పాడుతుంది, మిగతా రోజుల్లో కూడా ఆ గొంతును ఎవరికోసమూ తగ్గించదు. బస్సులో చివరి సీట్లో కూర్చుని ముందున్న డ్రైవరుతో కష్టసుఖాలు మాట్లాడగలదు. అలాంటి మనిషి షిఫ్టంతా నోరు మూసుకుని ఎలా ఉంటుందా అని నేను ఆశ్చర్యపోయేదాన్ని. నా గురించి మాత్రం నాకు ఏ అనుమానమూ లేదు. పుట్టినప్పటి నుంచీ ఈ పరీక్షకే తయారవుతున్నాననుకున్నాను.

మాస్కు అంటే నాకు తెలిసింది కరోనా రోజుల మాస్కు. మా ఇంట్లో అది గడ్డానికి వేసుకునే నగ. పోలీసులు కనబడితే పైకి జరిపేవాళ్లం. ఇది అలాంటిది కాదు. కళ్ల కింద నుంచి గడ్డం కిందిదాకా బిగుతుగా అతుక్కుంటుంది. దాని అంచులు తలతొడుగు లోపలికి పోతాయి. పైన కళ్లద్దాలు, చేతులకు తొడుగులు. ఒకసారి వేసుకున్నాక ఎక్కడా ముట్టుకోకూడదు. చేతులు ఛాతీకి ఎదురుగా, దేనికీ తగలకుండా పట్టుకుని నడవాలి. ఇక తలుపులు. మధ్యలో చిన్న గది, దానికి రెండు వైపులా రెండు తలుపులు. ఒకటి పూర్తిగా మూసుకుంటే గానీ రెండోది తెరుచుకోదు.

మొదటిసారి అక్క వెనకే లోపలికి వెళ్లాను. రెండో తలుపు మెత్తగా మూసుకుంది. నా ఊపిరి నాకు వినిపించింది. అంత దగ్గరగా దాన్ని ఎన్నడూ వినలేదు. ఒక ఊపిరి లోపలికి పోయింది. ఇంకోటి సగంలో ఆగింది. ఆ తర్వాతిదానికి గాలే మిగల్లేదనిపించింది. మాస్కు పెదవులకు అంటుకుంటోంది, అద్దాల మీద ఆవిరి, గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కాయి. ఇక్కడే పడి చచ్చిపోతానని నమ్మకంగా అనిపించింది. పడిపోయినా ఈ బట్టల్లో ఎవరు పడ్డారో కూడా వెంటనే తెలియదని ఇంకో ఆలోచన. పరుగెత్తకూడని గదిలో పరుగెత్తాను. తలుపు తెరుచుకునేదాకా దానికి నుదురు ఆనించి నిలబడి, బట్టలు మార్చుకునే గదిలోకి రాగానే మాస్కు లాగి పారేశాను. లోకంలో ఉన్న గాలంతా ఒకేసారి మింగాను.

వెనకే అక్క వచ్చింది. తలతొడుగు తీయకముందే ఆ గొంతు మొదలైంది. "ఏమైందే పిల్లా, కడుపుల నొస్తాందా?"

తల ఊపాను. అంతకన్నా సులువైన జవాబు దొరకలేదు. సార్ మాత్ర ఇప్పించారు. క్యాంటీన్‌లో నాకు ప్రత్యేకంగా పెరుగన్నం కలిపిచ్చారు, ఆ దయ చాలా రోజులు సాగింది. ఒక అవకాశం మాత్రం పోయింది.

ఇంట్లో కూడా నిజం చెప్పలేదు. మాస్కు అలవాటు చేసుకోవాలి, అంతే అన్నాను. ఆ మాట చాలు, తలా ఒక సలహా బయల్దేరింది. మేడ్చల్‌లో మాకు పిండి గిర్ని ఉంది. నాయిన మిరపకాయలు పట్టేటప్పుడు ముక్కుకు తువ్వాల చుట్టుకుని పొద్దంతా నిలబడతాడు. గిర్ని ఆయన బిడ్డకు ముక్కుకు గుడ్డ కట్టుకోవడం రాకపోవడమేమిటని ఆయనకు నవ్వు. ఊపిరి సంగతి పట్టించుకోకు, దానంతటదే ఆడుతుందన్నాడు. పట్టించుకోవద్దన్నాక ఇక నాకు రోజంతా అదే ధ్యాస. అమ్మ ఏలక్కాయ బుగ్గన పెట్టుకోమంది. అది గొంతులోకి జారి దగ్గు పట్టుకుంది. ఫోన్‌లో ఒకామె నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఎనిమిది లెక్కపెడుతూ వదలమంది. నాకు ఆరు దగ్గర లెక్క తప్పేది, తప్పినందుకు గుండె దడ మొదలయ్యేది. అవ్వ మాత్రం ఏ సలహా ఇవ్వలేదు. మంచంలో కూర్చుని, పాత కరోనా మాస్కు కట్టుకుని తిరుగుతున్న నన్ను కాసేపు తేరిపార చూసింది.

"మూతికి చిక్కం గట్టిన లేగ లెక్క ఉన్నవే బిడ్డా. ఇగ ఎవ్వని చేన్ల పడి మెయ్యవు, నాకు రంది లేదు" అంది.

నవ్వొచ్చింది. నవ్వుతున్నంతసేపూ ఊపిరి బాగానే ఆడిందని తర్వాత గుర్తుకొచ్చింది.

కంపెనీ మాస్కు లాంటిదే ఒకటి కొనుక్కుని సాధన మొదలుపెట్టాను. బియ్యం ఏరుతూ, గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ వేసుకునేదాన్ని. పుస్తకం చదువుతూ వేసుకుంటే అన్నిటికన్నా తేలిక. కథలో మునిగితే మాస్కు ఉన్న సంగతే మరిచిపోయేదాన్ని. ఒకసారి అలాగే టీ తాగబోయి మాస్కంతా తడిపేశాను. భయం అప్పుడప్పుడు తొంగిచూసేది, కానీ లోపలికి రాకుండానే వెళ్లిపోయేది. రెండోసారి కంపెనీలో బెంచీ మీద కూర్చుని తడబడకుండా మాస్కు కట్టుకున్నాను.

నిజంగానే ఆ రోజు లోపల నిలబడగలిగాను. ఊపిరి వేగంగానే ఉంది గానీ ఆగలేదు. చెప్పినన్ని ప్లేట్లు తెరిచాను, మూశాను. బయటికి వచ్చేముందు అక్క నా వేళ్లకు ప్లేట్లు అద్దుతుంటే అద్దాల వెనక ఆమె కళ్లు నవ్వాయి. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఇక నేనూ ఈ కంపెనీ మనిషినే అనుకున్నాను.

కొన్ని రోజుల తర్వాత సార్ పిలిచి ఒక ప్లేటు చూపించారు. కుడి చూపుడువేలు అద్దిన చోట పసుపురంగు చుక్క, దాని పక్కనే చిన్నది ఇంకొకటి.

"ముక్కు దగ్గర చెయ్యి పెట్టారామ్మా?"

"లేదు సార్."

"పెట్టారమ్మా. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఇంట్లో గానీ ప్రాక్టీసు చేశారా?"

చేశానన్నాను, కొంచెం గర్వంగానే. ఆయన తల పంకించారు. ఇంట్లో గిన్నెల మీదకి వంగినప్పుడల్లా మాస్కు జారేది. జారినప్పుడల్లా వేలితో ముక్కు మీదకి నెట్టుకునేదాన్ని. అన్ని రోజులు శ్రద్ధగా నేర్చుకున్నది ఊపిరితో పాటు ఆ ఒక్క అలవాటు. ఆ గదిలో అన్నిటికన్నా పెద్ద తప్పు అదే. ఇంట్లో ప్రాక్టీసు చేసి ఇలా చెడగొట్టుకునేవాళ్లు ప్రతి బ్యాచిలోనూ ఒకరుంటారని, బాధపడొద్దని ఆయన ఓదార్చారు. ఆ ఒకరు నేనయినందుకు ఎంత బాధపడాలో తెలియలేదు.

సంగతి విన్న అమ్మ ఆ సాయంత్రమే పిన్నికి ఫోన్ చేసింది. పక్క గదిలోంచి నాకు అంతా వినిపిస్తూనే ఉంది. రాబోయే సోమవారాల్లో ఏదో ఒకరోజు హెడ్‌మాస్టరు ముందు నేను ఒక పాఠం చెప్పి చూపించాలట. పువ్వులో భాగాలు చెబితే సరిపోతుందట. అమ్మ నా మంచికే మాట్లాడుతోందని తెలుసు. అయినా ఆ పువ్వులో ఒక్క భాగం పేరు కూడా నాకు గుర్తుకు రాలేదు.

ఈసారి సాధన మార్చాను. మాస్కు కట్టుకుని, చేతులు ఛాతీ ముందు పట్టుకుని, దేన్నీ ముట్టుకోకుండా కుర్చీలో కూర్చున్నాను. పుస్తకం లేదు, గిన్నెల్లేవు. కాసేపటికి మొదటిరోజు భయం మళ్లీ వచ్చేసింది, ఇంకా బలంగా. అదే సమయానికి అమ్మ వంటింట్లోంచి చాయ్ పెట్టాలా అని అడిగింది. "వద్దమ్మా" అన్నాను. ఆ ఒక్క మాట బయటికి రాగానే గొంతులో బిగిసింది కొంచెం సడలింది. మాస్కు ముఖానికే ఉంది. గాలి ఎంత వస్తోందో అంతే వస్తోంది. మరి సడలింది ఏమిటి?

దీని గురించి చాలాసేపు ఆలోచించాను. నాకు కరువైంది గాలి కాదు. ఆ గదిలో, నా వల్ల కావడం లేదని ఎవరికీ చెప్పే దారి లేదు. బయట కూడా నేనేమీ చెప్పను, నిజమే. కానీ కావాలంటే చెప్పొచ్చు. ఇన్నేళ్లూ నోరు విప్పకుండా హాయిగా బతికింది ఆ ధైర్యంతోనే అన్నమాట. ఈ సంగతి రాసుకుందామని డైరీ తెరిచాను. రాస్తే ఎప్పటిలాగే అక్కడితో అయిపోతుందనిపించి మూసేశాను.

మర్నాడు భోజనాల తర్వాత క్యాంటీన్ వెనక అక్క ఒక్కతే కూర్చుని బత్తాయి ఒలుచుకుంటోంది. పక్కన కూర్చున్నాను. నోరు తెరవకముందే గుండె దడ మొదలైంది. అదే దడ, వేళ్లలో అదే తిమ్మిరి. ముఖానికి మాస్కు మాత్రం లేదు.

"అక్కా, నాకు కడుపుల నొయ్యలే."

"ఎప్పుడే?"

"అప్పుడు. ఫస్ట్ టైం లోపల్కెల్లి ఉరికొచ్చినప్పుడు."

తొక్క తీస్తున్న చెయ్యి ఆగింది. "మరేమైంది?"

"ఊపిరాడలే. మాస్కుల సచ్చిపోతననిపించింది. మళ్ల గట్లనే అయితదని భయమైతాంది."

అక్క నన్ను చూసింది. తర్వాత నవ్వింది. నేను లేవబోయాను. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"నేను పక్కకే ఉంటి గదనే. నాకు చెప్పకుంట ఎట్ల సస్తవ్?"

"ఎట్ల చెప్పాలె? లోపల మాట్లాడొద్దు గదా."

"నోరు లేకుంటే చేతుల్లేవా?" బత్తాయి ఒళ్లో పెట్టుకుని రెండు అరచేతులూ పైకి తిప్పి ముందుకు చాపింది, ప్రసాదం పట్టుకుంటున్నట్టు. "గిట్ల సాపు. నేనేం అడగ. పోయి తలుపు తీస్త. దర్జాగ బయటికి పో."

"పోతే చాన్స్ పోతది గదా అక్కా."

"పోతే పోనీ తియ్. పాణం కంటె ఎక్కువనా గీ కొలువు?"

పోతే పోనీ అని నాతో ఎవరైనా అనడం అదే మొదటిసారి. ఆమె సగం బత్తాయి నా చేతిలో పెట్టింది. చాలా పుల్లగా ఉంది. మొత్తం తినేశాను.

మూడోసారి లోపలికి వెళ్లిన రోజు భయం నన్ను కాసేపు పని చేసుకోనిచ్చింది. గది మూలలో ప్లేటు మూత తీస్తుండగా వచ్చింది. ముందు వేళ్లలోకి, తర్వాత ఛాతీలోకి. అద్దాలు మసకబారాయి. మూత సరిగ్గా పెట్టి, నిటారుగా నిలబడి, రెండు అరచేతులూ చాపాను.

అక్క చూసింది. చేతిలో పని ఆపి తలుపు వైపు బయల్దేరింది. ఆ గదిలో పరుగెత్తకూడదు, విసురుగా కదలకూడదు. బస్సు వెనక పరుగెత్తి, దాని ఒంటి మీద చరిచి ఆపే మా అక్క, చేతులు ఛాతీ ముందు పట్టుకుని, పెళ్లిపీటల మీదకి నడిచే పెళ్లికూతురిలా మెల్లగా, అతి మెల్లగా నన్ను కాపాడటానికి వెళుతోంది. చచ్చిపోతున్నానన్న ఆలోచన మధ్యలోనే నాకు నవ్వొచ్చింది. ఆమె తలుపు దగ్గరికి చేరి మోచేత్తో మీట నొక్కింది. పైన పచ్చ దీపం వెలిగింది. నా వైపు తిరిగి నిలబడింది.

తలుపు తెరుచుకుంటుంది. వెళ్లాలంటే వెళ్లొచ్చు. దీపాన్ని చూస్తూ ఉన్న గాలంతా మెల్లగా వదిలాను, తర్వాతిది దానంతటదే వచ్చింది. భయం ఇంకొంచెం పెరిగింది. అక్కడ కాసేపు నిలిచింది. తర్వాత, పొంగిన పాల మీద నీళ్లు చల్లినట్టు, కుంగడం మొదలుపెట్టింది. దానికి ఒక పై అంచు ఉంటుందని, అది దాటి పెరగదని అప్పటిదాకా నాకు తెలియదు. ఎప్పుడూ ఆ అంచుకు ముందే పరుగెత్తాను కదా.

అరచేతులు దగ్గరికి తీసుకుని అక్కర్లేదన్నట్టు తల అడ్డంగా ఊపాను. అక్క నమ్మలేదు. కనుబొమలెగరేసింది. నేను మిగిలిన ప్లేట్ల వైపు చూపించాను. ఆమె మళ్లీ అదే పెళ్లినడకతో వెనక్కి వచ్చింది. ఆ తర్వాత ముక్కు మీద దురద పుట్టింది. అంతటి దురద నా జీవితంలో ఇంకెప్పుడూ రాలేదు. చెయ్యి కదపలేదు.

ప్లేట్లు చూసేది శనివారం. బడిలో పాఠం సోమవారానికి ఖాయమైంది. అమ్మ ముందుజాగ్రత్తగా నా కోసం చీర ఇస్త్రీ చేయించి తలుపుకు తగిలించింది. వస్తూ పోతూ దాన్ని చూసి తప్పుకునేదాన్ని.

శనివారం సార్ ప్లేట్లను ఒక్కొక్కటే వెలుతురుకు ఎత్తి చూశారు. వేళ్లు, ఛాతీ, మాస్కు. అక్క ఏదో వెతుకుతున్నట్టు అక్కడక్కడే తిరుగుతోంది. ఏ ప్లేటు మీదా ఏమీ లేదు. ఆయన సంతకం పెట్టబోతూ పెన్ను ఆపారు.

"లోపల మధ్యలో చేతులు చాపారు కదమ్మా. ఎందుకు?"

కడుపునొప్పి అనే మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. నిజం చెబితే, ఇలాంటి మనిషి ఆ గదికి పనికిరాదని ఆయన అనొచ్చు. చెప్పకపోతే రేపెప్పుడైనా అదే గదిలో మళ్లీ నోరు లేనిదాన్నే అవుతాను.

"మాస్కు పెట్టుకుంటే ఒక్కోసారి ఊపిరాడదని భయం వస్తుంది సార్. వస్తే అట్లా చూపిస్తా. కాసేపటికి పోతుంది" అన్నాను. అన్ని మాటలు ఆయనతో ఒకేసారి నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆయన కూడా అది గమనించినట్టున్నారు.

చేతిలోని ప్లేటు బల్ల మీద పెట్టారు. ముందే చెప్పాల్సింది కదమ్మా అన్నారు. కంపెనీ డాక్టరుతో ఒకసారి మాట్లాడమన్నారు, ఆమె సరేనంటే తనకేమీ అభ్యంతరం లేదన్నారు. ఆ సైగ బాగుందని, లోపల పనిచేసే అందరికీ చెప్పమన్నారు. తర్వాత సంతకం పెట్టారు. డాక్టరమ్మ మధ్యాహ్నం పిలిచి, నాలాంటివాళ్లను చాలామందిని చూశానని, భయం వచ్చినప్పుడు ఊపిరి మెల్లగా బయటికి వదలమని చెప్పి, సరేనని రాసిచ్చింది.

అందరికీ చెప్పాలన్న మాటే నన్ను కంగారుపెట్టింది. ఒక్కరికి చెప్పడానికే ఒక బత్తాయి పట్టింది. కానీ నాకు ఆ కష్టం రాలేదు. సాయంత్రం బస్సు గేటు దాటకముందే అక్క వెనక సీట్లోంచి లేచి, అరచేతులు చాపి, చర్చిలో చివరి వరుసకు వినిపించాల్సిన గొంతుతో బస్సంతటికీ వివరించింది. నేను కిటికీలోంచి చెరువు వైపు చూస్తూ కూర్చున్నాను, చెవులు కాలిపోతున్నాయి. అప్పుడు ముందు సీట్లోంచి, సీసాలు నింపే యంత్రం దగ్గర ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న ఒకాయన వెనక్కి తిరిగి, తనకూ వేసవిలో అలాగే అవుతుందని, ఇన్నాళ్లూ బీపీ అనుకున్నానని అన్నాడు. ఇంకొకామె తన సంగతి మొదలుపెట్టింది. మేడ్చల్ వచ్చేసరికి బస్సులో సగంమంది అరచేతులు చాపి చూసుకుంటున్నారు.

భయం ఇప్పటికీ వస్తుంది. ముఖ్యంగా నిద్ర చాలని రోజుల్లో, కొత్త మాస్కు మరీ బిగుతుగా ఉన్నప్పుడు. దాని పై అంచు ఎక్కడుంటుందో తెలుసు కాబట్టి అక్కడిదాకా దానితోపాటు నిలబడతాను.

ఆ సాయంత్రం మా వీధి చివర బస్సు దిగి, ఇంటికెళ్లి ఆ చీర బీరువాలో పెట్టెయ్యొచ్చు అనుకుంటూ నడవబోయాను. వెనక బస్సు కిటికీ సర్రున జరిగింది. అక్క తల బయటపెట్టింది. వీధి మొత్తం వింటోంది.

"పిల్లా, సోమారం పొద్దుగాల షిఫ్టు నువ్వు, నేను. ఇంట్ల ఉల్లిగడ్డ తిని రాకు, మాస్కుల నీ వాసనకు నువ్వే సస్తవ్."